వణుకు బల్ల మీద అమ్మమ్మ

పిడుగుకి,

ఆశీర్వాదాలు చివర్లో. ముందు పని సంగతి.

నీ లెన్సు నిన్న చేరింది. పెట్టె విప్పడానికి మీ అమ్మకి కత్తెర, చాకు, చివరికి పళ్ళు కూడా కావలసి వచ్చాయి. లోపల గాజు కంటే స్పాంజి ఎక్కువ ఉంది. మీ కంపెనీ వాళ్ళు లెన్సులు తయారు చేసి స్పాంజి అమ్ముతారా, స్పాంజి తయారు చేసి లెన్సులు అమ్ముతారా అన్నది తేల్చి చెప్పు.

"ఈ కాలంలో ఉత్తరమేమిటమ్మా, ఫోన్ చెయ్యొచ్చుగా" అంటోంది మీ అమ్మ. ఫోనులో నువ్వు ప్రతి మాటకీ అడ్డొస్తావు. ఉత్తరంలో చివరిదాకా విని తీరాలి. నీకూ నాకూ ఉన్న తేడా ఏమిటంటే, నేను ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల బడిలో భౌతికశాస్త్రం చెప్పాను, క్లాసు నోరు మూయించడం అలవాటు. నువ్వు గాజుముక్కలతో పనిచేస్తావు, అవి ఎదురు చెప్పవు.

బయటివాళ్ళ చేతుల్లో పరీక్షకి ఇచ్చే లెన్సుల్లో ఒకటి నా పేరున రాయించావు. సంతోషం. ఇది నువ్వు చేసిన మొదటి లెన్సని మీ అమ్మ వీధంతా చెప్పింది, నాకు పని మిగల్చలేదు. పరీక్ష ఎక్కడ చేశానో చెప్పాలి కదా. నువ్వు వచ్చి చాలా కాలమైంది, ఇక్కడ నా వ్యవహారం నీకు సరిగ్గా తెలియదు. మా నాటక సమాజం హాల్లో మూడో వరస, నడవ పక్క కుర్చీ నాది. బడి మానేసిన దగ్గర్నుంచీ ప్రతి నాటకానికీ ఫోటోలు తీసేది నేనే. వాటిని హాలు బయట బోర్డు మీద అంటిస్తారు, జనం ఆగి చూస్తారు, కొందరు టికెట్టు కూడా కొంటారు. నాటకాలకి దర్శకుడొకాయన ఉన్నాడు. ముఖ్య పాత్ర కూడా ఆయనే వేస్తాడు, అంతకంటే మంచి నటుడు ఆయనకి ఇంకా దొరకలేదు.

హాల్లో ఫ్లాష్ వెయ్యకూడదు. దీపాలు తక్కువ. కాబట్టి షట్టర్ కాసేపు తెరుచుకుని ఉండాలి, ఆ కాసేపట్లో చెయ్యి కదిలితే ఆ కదలిక మొత్తం ఫోటో మీద గీసినట్టు పడుతుంది. చుక్కలా ఉండాల్సిన దీపం వానపాములా సాగుతుంది. కెమెరాకి చీకట్లో చూపు పెంచి షట్టర్ త్వరగా మూయమంటే మొహాల మీద ఇసుక చల్లినట్టు వస్తుంది. మూడుకాళ్ళ స్టాండు నడవలో పెడితే జనం తట్టుకుని పడతారు. ఒంటికాలి స్టాండు పెట్టుకోమంటావు. పెట్టాను. చెక్కనేల, ముందు వరసలో వాళ్ళు కాలాడించినప్పుడల్లా అదీ ఆడుతుంది. ఇవన్నీ ముందే చెప్పేస్తున్నాను, నువ్వు సలహాలు రాయడానికి కాగితం తీసే లోపు.

ఇక నీ గాజు సంగతి. బాగుంది. నా పాత లెన్సులో స్టేజీ దీపాలతో పాటు వాటి దయ్యాలు కూడా పడేవి, హీరో నుదుటి మీద పచ్చటి గుండ్రాలు. నీ లెన్సులో ఒక్క దయ్యం లేదు. లోపల అన్ని గాజులున్నా వాటి మీద పూత బాగా పట్టించారన్నమాట. అంచుల దగ్గర గీతలు వంగలేదు, తలుపు తలుపులాగే నిలువుగా ఉంది. తెల్ల చొక్కా చుట్టూ ఊదారంగు అంచు కూడా రాలేదు. గాజు పనికి తొంభై మార్కులు. మిగతా పది ఎందుకు తగ్గించానంటే, నూరు వేస్తే పిల్లలు చదవడం మానేస్తారు.

వణుకు ఆపే పనికి మాత్రం సున్నా. రిహార్సల్‌కి తీసుకెళ్ళాను. ఆ పని చేసే స్టెబిలైజర్ వేసి తీశాను, ఆపి తీశాను. రెండూ అక్కాచెల్లెళ్ళలా ఒకేలా ఉన్నాయి, రెండూ చెదిరిపోయాయి. లోపల ఏదో చిన్నగా గుర్రుమంటోంది కానీ పని చేస్తున్నట్టు లేదు. చూడు, సరిచెయ్యి. కొత్త నాటకం త్వరలోనే.

వేళకి తిను.

నీ అమ్మమ్మ

*

పిడుగుకి,

"మోచేతులు ఒంటికి ఆనించు, ఊపిరి బిగబట్టు, బటన్ మెల్లగా నొక్కు" అని రాశావు. తాతకి దగ్గులు నేర్పడమంటే విన్నాను గానీ, అమ్మమ్మకి ఊపిరి నేర్పడం ఇదే మొదటిసారి. ఊపిరి బిగబట్టడం నాకు వచ్చు. మీ తాతయ్యతో సంసారం చేశాను.

నీ ప్రయోగశాలలో పరీక్ష చేస్తే లెన్సు ప్రతిసారీ గెలుస్తోందన్నావు. కెమెరాని బల్లకి బిగించి, మనిషి చెయ్యి కదిలినట్టే ఆ బల్లని మోటార్లతో కదిలిస్తారట, ఆ కదలికలో కూడా గోడ మీది చార్టు గీతగీతా కనిపిస్తోందట. చాలా సంతోషం. కానీ మా దర్శకుడుగారు చార్టు కాదు, నేను బల్లనీ కాదు.

ఇక్కడ పరిస్థితి చెప్తాను, నీకు తొందర అర్థమవుతుంది. కిందటి నాటకం ఫోటోలు బోర్డు మీదకి సగమే ఎక్కాయి. ఎవరూ ఏమీ అనలేదు, అదే భయం. మొన్న రిహార్సల్ మధ్యలో దర్శకుడుగారు నా పక్కన వచ్చి కూర్చున్నారు. ఆయన ఊరికే కూర్చునే మనిషి కాదు.

"టీచరుగారూ, ఈసారి మీరు హాయిగా మొదటి వరసలో కూర్చుని నాటకం చూడండి. పాస్ పంపిస్తాను."

"నాకు మూడో వరస బాగుంది."

"అక్కడ ఫోటోలు తీయడానికి కొత్తగా వచ్చిన అమ్మాయిని కూర్చోబెడదామని. మూడు కెమెరాలున్నాయండీ ఆ అమ్మాయికి."

"కళ్ళు ఎన్ని?"

"భలేవారే" అని నవ్వి లేచిపోయారు.

ఉద్యోగం తీసేస్తే తీసేశామని చెప్తారు. కళాకారులు ఉచిత పాస్ ఇస్తారు. ఆ కుర్చీ పోతే, పిడుగూ, నాకు ఆ హాల్లో పని లేదు. నాకు నాటకం ఊరికే చూడటం రాదు. కెమెరా లేకుండా చూస్తే ఆయన నటన కనిపిస్తుంది.

అందుకే అడుగుతున్నాను. మొదటి ఆట లోపల ఆ లెన్సు పని చెయ్యాలి. నీ బల్ల ఏమన్నా సరే, నా ఫోటోలు చెదురుతున్నాయి. తప్పు గాజులో లేదు, ఆపేదాంట్లో ఉంది. విప్పి చూడు.

మీ అమ్మకి నడుంనొప్పి తగ్గింది. వద్దంటే బల్ల జరిపింది, దాని ఫలితం. వేళకి పడుకో.

నీ అమ్మమ్మ

*

నా తల్లీ,

ఈ ఉత్తరం ఒంటరిగా ఉన్నప్పుడు చదువు. పక్కన ఆ టిఫిన్ పంచుకునే స్నేహితురాలు ఉంటే కాసేపు బయటికి పంపు.

నిన్న మీ అమ్మ నీతో ఫోనులో మాట్లాడి వంటింట్లోకి వచ్చి, పొయ్యి వెలిగించి, దాని మీద ఏమీ పెట్టకుండా నిలబడింది. "అదేం చేస్తుందో తెలుసా అమ్మా, లెన్సుని విడుదల చేసే మీటింగులో లేచి, ఇది సిద్ధంగా లేదు, మా అమ్మమ్మ ఫోటోలు చూడండి అని చెప్తుందట. మూడుసార్లు విప్పి బిగించిందట. తప్పు ఎక్కడుందో దొరకడం లేదని ఏడుస్తోంది" అంది.

ఆ మాట మాత్రం చెప్పకు. లెన్సులో తప్పు లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు రాశాను. నా చేతులు వణుకుతున్నాయి.

ఎంతకాలంగా అంటే, మీ అమ్మకి నేను అరకప్పు టీ చాలంటున్నప్పటి నుంచీ. నిండు కప్పు సాసర్లోకి దిగుతుంది. డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను, కూరగాయలకని చెప్పి. చేతులు చాపమన్నాడు, కాగితం మీద గుండ్రంగా చుట్ట గీయమన్నాడు. నా చుట్ట రంపం పళ్ళలా వచ్చింది. భయపడాల్సిన జబ్బు కాదన్నాడు. దానికి పెద్ద పేరు ఉంది, విడదీసి చూస్తే "వణుకుతోంది, ఎందుకో తెలియదు" అని అర్థం. ఇంత డబ్బు పెట్టి చదువుకున్నది ఇందుకా అని అడగబోయి ఊరుకున్నాను. మాత్ర ఇచ్చాడు. అది వేసుకుంటే చెయ్యి కాస్త తగ్గుతుంది, నేను మొత్తంగా తగ్గిపోతాను, మొదటి అంకంలోనే కునుకు.

చిత్రమేమిటంటే ఒళ్ళో పెట్టుకుంటే చేతులు బుద్ధిగా ఉంటాయి. ఏదైనా ఎత్తి పట్టుకోగానే మొదలు. అంటే పని చేస్తేనే వణుకుతాయి. ఊరికే కూర్చోమని చెప్పే పద్ధతి అది. నాకు ఎవరు చెప్పినా ఆ మాట నచ్చదు, నా చేతులు చెప్పినా సరే.

నీ దగ్గర ఎందుకు దాచానంటే, నువ్వు జాలిపడతావని. వణుకు ఆపే లెన్సు చేసినదానివి, వణికే అమ్మమ్మ ఉందని తెలిస్తే ప్రతి ఉత్తరంలోనూ "చేతులెలా ఉన్నాయి" అని అడుగుతావు. నేను దర్శకుడుగారి గురించి రాస్తే అది పక్కన పెట్టి చేతుల గురించి చదువుతావు. లెన్సు ఏదో చేసి గట్టెక్కిస్తుంది, ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాదు అనుకున్నాను. గట్టెక్కించలేదు. కోపం వచ్చింది. కోపం నీ లెన్సు మీదకి పోయింది, అదొక్కటే తిరిగి ఏమీ అనదు కాబట్టి.

ఇప్పుడు సైన్సు. నిన్న సాయంత్రం మీ అమ్మని కిటికీ దగ్గర నిలబెట్టి, ఎదురు మేడ మీది బల్బుని నీ లెన్సుతో తీయమన్నాను. మీ అమ్మకి కెమెరా పట్టుకోవడం కూడా రాదు, పెనం పట్టుకున్నట్టు పట్టుకుంది. బల్బు చుక్కలా వచ్చింది. స్టెబిలైజర్ ఆపి తీయమన్నాను, చుక్క కాస్త చెదిరింది. అంటే నీది పనిచేస్తోంది. తరవాత నేను తీశాను. వేసినా ఆపినా వానపామే.

దీని మీద ఆలోచించాను. మీ అమ్మ చెయ్యి సన్నగా, గబగబా కదులుతుంది. ప్రతి మనిషి చెయ్యీ అంతే, నీ బల్ల కూడా అదే నేర్చుకుని ఉంటుంది. నాది పెద్దగా, నిదానంగా, అటూ ఇటూ ఊగుతుంది. ఫోటో తీసేవాడు నడిచే మనిషి వెంట కెమెరా తిప్పితే స్టెబిలైజర్ అడ్డుపడకూడదు కదా, అందుకని పెద్ద కదలిక కనిపిస్తే అది పక్కకి తప్పుకునేలా చేసి ఉంటారు మీరు. నా ఊగడం చూసి అది "ఈవిడ కావాలనే తిప్పుతోంది" అనుకుని మర్యాదగా తప్పుకుంటోంది. ఇంతవరకూ నన్ను ఇంత గౌరవించిన యంత్రం లేదు.

కాబట్టి మీటింగులో లేచి లెన్సు సిద్ధంగా ఉందని చెప్పు. నేను దర్శకుడుగారికి చెప్పి ఆ కుర్చీ వదిలేస్తాను. ఏడవకు. నేను ఏడవలేదు, ఎవరన్నా చెప్తే నమ్మకు.

నీ అమ్మమ్మ

*

పిడుగుకి,

నీ ఉత్తరం చదివాను. దానికి ముందు నీ ఫోను విన్నాను, అది వినడం కాదు, చెవి దూరంగా పెట్టుకోవడం. "స్టెబిలైజర్ ఎవరి కోసం చేస్తామనుకున్నావు అమ్మమ్మా? రాతి విగ్రహాల కోసమా?" అని అరిచావు. వాక్యం బాగుంది. ఇంకో మాట, "పరీక్షకి లెన్సు ఇస్తే అబద్ధం రిపోర్టు ఇచ్చావు, నీ క్లాసులో అయితే ఏం చేసేదానివి?" బెంచీ ఎక్కించేదాన్ని. ఒప్పుకుంటున్నాను. మోకాళ్ళ నొప్పి, కాబట్టి ఎక్కలేను.

నా మాట వినకుండా మీటింగులో నా చెయ్యి సంగతే చెప్పావు. సరే. మీరు పంపిన డబ్బా వచ్చింది, కెమెరాకి కిందవైపు బిగించేది, చెయ్యి ఎటు ఎంత కదిలిందో రాసుకునేది. నువ్వు చెప్పినట్టే కెమెరా ఎత్తి, నాటకం తీస్తున్నట్టు పట్టుకున్నాను. మీ అమ్మ పక్కన నిలబడి అలవాటు కొద్దీ "కదలకమ్మా" అంది. కదలమనే కదే అడిగింది అన్నాను. ఇద్దరం నవ్వుతూంటే ఇంకా ఎక్కువ కదిలింది. ఆ నవ్వు భాగం తీసేసి వాడుకోండి, లేకపోతే మీ బల్ల నవ్వడం మొదలుపెడుతుంది.

ఇప్పుడు అక్కడ బల్ల నాలా వణుకుతోందన్నావు. మీ కంపెనీ పెద్దాయన వచ్చి, కాసేపు చూసి, "ఇదెవరు?" అని అడిగాడట. మనిషి గురించి అడిగినట్టు అడిగాడే, మంచివాడు. నేను పోయాక కూడా అక్కడ నా వణుకు పనిచేస్తూ ఉంటుందన్నమాట. ఫోటోకి దండ వేసి గోడకి తగిలించడం కంటే ఇదే నయం, ఉద్యోగం ఉంటుంది.

నువ్వు చెప్పిన బేరం నాకు అర్థమైంది. సరిగ్గా అర్థమైందో లేదో తిరిగి అప్పజెప్తాను. స్టెబిలైజర్ అంటే లోపల ఒక గాజు, చెయ్యి ఇటు కదిలితే అది అటు జరిగి బొమ్మని ఉన్నచోటే ఉంచుతుంది. మామూలు చేతికి అది వెంట్రుకవాసి జరిగితే చాలు. నా చేతికి చాలా దూరం జరగాలి. కానీ మిగతా గాజులన్నీ అది మధ్యలో ఉంటుందన్న నమ్మకంతో అమర్చారు. అది దూరం జరిగితే బొమ్మ మధ్యలో బాగానే ఉంటుంది, మూలలు మసకబారతాయి. పైగా నా ఊపుని కావాలని తిప్పడం అనుకోవద్దని దానికి నేర్పితే, నేను నిజంగా తిప్పినప్పుడు కూడా అది నమ్మదు. నడిచే మనిషి వెంట తిప్పితే బురదలో కాలు పడ్డట్టు లాగుతుంది.

మూలలు మసకబారితే పత్రికల వాళ్ళు మార్కులు తగ్గిస్తారని మీ వాళ్ళు భయపడ్డారు. అందుకని స్టెబిలైజర్ వేసే, ఆపే మీటకి ఇంకో మెట్టు పెట్టి, కావలసిన వాళ్ళు ఆ మెట్టు మీదకి జరుపుకునేలా చేద్దామన్నావు. మంచి ఆలోచన. అందరి లెన్సూ నా కోసం పాడుచెయ్యకూడదు, నన్ను అందరి కోసం మూల కూర్చోబెట్టకూడదు. ఒక్కటే షరతు. ఆ మెట్టుకి "వృద్ధుల కోసం" అని పేరు పెట్టారో, లెన్సు తిరుగు టపాలో వస్తుంది. స్పాంజి లేకుండా.

దర్శకుడుగారికి చెప్పాను. మేకప్ గదిలో అద్దం ముందు మీసం అంటించుకుంటున్నారు. సగం మీసంతో ఉన్న మనిషి ఎక్కువ గొడవ చెయ్యలేడని ఆ సమయం చూసుకుని వెళ్ళాను.

"నా చేతులు వణుకుతున్నాయి. కిందటిసారి ఫోటోలు అందుకే అలా వచ్చాయి."

"అయ్యో టీచరుగారూ! ముందే చెప్పొచ్చు కదండీ. విశ్రాంతి తీసుకోండి."

"విశ్రాంతి అడగడానికి రాలేదు. మా మనవరాలు లెన్సు సరిచేస్తోంది. ఒక ఆట ఇవ్వండి."

"మొదటి ఆటకి ఆ అమ్మాయికి మాటిచ్చేశాను."

"రెండో ఆట."

మీసం నొక్కుకుంటూ అద్దంలోంచి నన్ను చూశారు. "చూద్దాం" అన్నారు.

చూద్దాం అంటే మన భాషలో "వద్దు"కి కండువా కప్పడం. అందుకని అక్కడే నిలబడ్డాను. కదలకపోయేసరికి, "సరే, రెండో ఆట మీది. ఫోటోలు చూసి కుర్చీ సంగతి తేలుద్దాం" అన్నారు. రెండో మీసం ముక్క వంకరగా అంటుకుంది. చెప్పలేదు.

ఆ కొత్త మెట్టు ఉన్న లెన్సు రెండో ఆట లోపల పంపు. మూలలు పోతే పోనీ.

నీ అమ్మమ్మ

*

పిడుగుకి,

లెన్సు ఆట రోజు పొద్దున్నే చేరింది. మీటకి మూడో మెట్టు ఉంది, దాని మీద పేరేమీ లేదు. వివేకవంతులు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. అభినందనలు వెతుక్కోకు, ఉంటే దొరుకుతాయి.

నాటకం ఒక పెద్ద వ్యాపారి ఇంట్లో జరుగుతుంది. ఆస్తి తగాదా. వ్యాపారి దర్శకుడుగారే. అన్నదమ్ములు, వకీలు, అల్లుడు, అందరూ స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూ అరుచుకుంటారు. పరుగెత్తే మనిషిని నీ స్టెబిలైజర్ ఏం చెయ్యగలదు? అది ఆపేది నా చేతిని, ఆయన కాళ్ళని కాదు. షట్టర్ తెరుచుకున్నంతసేపూ ఆయన నడుస్తూనే ఉన్నారు. గోడ, కుర్చీ, గడియారం ఒక్కో గీతా లెక్కపెట్టేలా వచ్చాయి, వాటి మధ్య దర్శకుడుగారు పొగలా వచ్చారు. వెంట తిప్పి తీద్దామంటే నువ్వు చెప్పినట్టే బురదలో లాగింది. మొదటి అంకమంతా అలాగే పోయింది. నడవకి అవతల మూడు కెమెరాల అమ్మాయి కూడా వచ్చి కూర్చుంది, మొదటి ఆటలో మిగిలినవి తీసుకోవడానికట. ఆవిడ కెమెరా టకటకమంటోంది. నాది ఆలోచిస్తోంది.

విరామంలో కెమెరా వెనక తెర మీద చూసుకున్నాను. గోడ గడియారం అద్భుతంగా వచ్చింది. నా కుర్చీ పోయినట్టే, గడియారం ఫోటో బోర్డు మీద పెట్టరు కదా అనుకున్నాను. లేచి ఇంటికి వచ్చేద్దామనిపించింది. ఎందుకు లేవలేదంటే, నాకు గడియారం గురించి ఒక ప్రశ్న వచ్చింది. ఆ గడియారం ఎందుకు బాగుంది? కదలదు కాబట్టి, మధ్యలో పడింది కాబట్టి. మరైతే స్టేజీ మీద కదలని మనిషి ఎవరు?

ఉంది. వ్యాపారి ఇంట్లో పనిమనిషి. పళ్ళెం పట్టుకుని కుడివైపు తలుపు పక్కన నిలబడి ఉంటుంది. నాటకం మొత్తం మీద ఆమెకి ఒకటే మాట, "తీసెయ్యమంటారా అయ్యగారూ?" ఆ పాత్ర వేసేది సెంటర్లో మందుల షాపులో పనిచేసే అమ్మాయి. నా మాత్రలు ఇచ్చేది కూడా ఆమే, నా సంగతి ఆమెకి అందరికంటే ముందు తెలుసు, ఎవరికీ చెప్పలేదు. ఎప్పుడూ ఇలాంటి వేషాలే ఇస్తారు. నేను తీసిన ఫోటోలన్నిటిలోనూ ఆమె మూలనే ఉంటుంది. మూలల్ని మసక చేసే మెట్టు పెట్టుకుని కూర్చున్నాను, ఈసారి ఆమె అసలే కనిపించదు. ఆమె కనిపించాలంటే ఒకటే దారి. కెమెరా ఆమె వైపు తిప్పి ఆమెనే మధ్యలో పెట్టాను.

రెండో అంకంలో దర్శకుడుగారి పెద్ద ఉపన్యాసం ఉంటుంది, కొడుకుని ఇంట్లోంచి పొమ్మనేది. హాలంతా ఆయన్నే చూస్తుంది. నేను ఆయన్ని ఎడమ అంచుకి పంపించేసి ఆ అమ్మాయిని చూస్తూ కూర్చున్నాను. పిడుగూ, ఆ అమ్మాయి వింటోంది. నటిస్తున్నట్టు కాదు. "పో" అన్న మాట దగ్గర పళ్ళెం మీద వేళ్ళు బిగిశాయి. ఆ కొడుకుని చిన్నప్పుడు ఎత్తుకున్న మనిషిలా చూసింది. ఆ చూపు ఎవరూ రాసి ఇవ్వలేదు. షట్టర్ నొక్కాను. నా చెయ్యి ఊగుతూనే ఉంది, కంటికి ఆనించిన కెమెరాలో బొమ్మ మాత్రం ఊగడం లేదు. నా చేతికీ ఆ బొమ్మకీ సంబంధం లేనట్టు, నిలబడింది. అది చూసి ఒక్క క్షణం భయమేసింది, ఇంకెవరో పట్టుకున్నారేమో అని.

మర్నాడు ఫోటోలు పట్టుకుని వెళ్ళాను. ఖాళీ హాల్లో, స్టేజీ అంచు మీద కూర్చుని దర్శకుడుగారు ఒక్కొక్కటీ చూశారు. మూడు కెమెరాల అమ్మాయి కూడా తనవి తెచ్చింది. నిజం చెప్పాలి, బోర్డుకి ఆవిడవే సరి. అందరూ ఉన్నారు, అందరి మొహాలూ తెలుస్తున్నాయి, దర్శకుడుగారు చెయ్యెత్తి శిలావిగ్రహంలా ఉన్నారు. ఆయన అవి చూసి తల ఊపుతూ, నావి చూస్తూ ఆగారు.

"నేనెక్కడ?" అన్నారు.

"ఎడమ అంచున. ఆ మసక మీరే."

"ఇది నా ఉపన్యాసం ఘట్టం కదండీ!"

"అవును. బాగా వినిపించింది."

చాలాసేపు ఆ ఒక్కటే చూశారు. తరవాత లోపలికి కేకేసి మందుల షాపు అమ్మాయిని పిలిచారు. ఆమె దుస్తులు మడత పెడుతూ ఉన్నది, భయపడుతూ వచ్చింది.

"నేను అరుస్తున్నంతసేపూ నా వెనకాల నువ్వు ఇదంతా చేస్తున్నావా?"

"తప్పా సార్? కదలొద్దన్నారని కదల్లేదు సార్."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"మీరు అటు తిరిగి ఉంటారు కదా సార్" అంది.

మూడు కెమెరాల అమ్మాయి గట్టిగా నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు ఆవిడ మీద ఉన్న కోపంలో సగం అక్కడ పోయింది. మిగతా సగం ఉంచుకున్నాను, పనికొస్తుంది.

మందుల షాపు అమ్మాయి ఆ ఫోటో చేతిలోకి తీసుకుంది. "నేను ఇలా ఉంటానా టీచరుగారూ?" అంది. "ఇలాగే ఉంటావు" అన్నాను. ఆ ఫోటో ఎవరూ ఆమె దగ్గర వెనక్కి అడగలేదు.

తీర్పు ఇదీ. బోర్డు మూడు కెమెరాల అమ్మాయిది. మూడో వరస కుర్చీ నాది. ఇకమీదట నేను మొత్తం స్టేజీ తియ్యను, నా చేతికీ నీ లెన్సుకీ అది పడదు. ఒక్కో ఆటకి ఒక్కో మనిషిని తీస్తాను, నిలబడి వినేవాళ్ళని. వచ్చే వారం ఆటకి వకీలు వెనకాల ఉండే గుమాస్తా. వాడి చేతిలో సంచీ ఉంటుంది, మాట లేదు. లెన్సు ఇక్కడే ఉంటుంది, తిరిగి పంపను, మీ పెద్దాయనతో చెప్పు. నీ పనికి మార్కులు అడగకు. వేస్తే నూరు వెయ్యాలి, అది నా పద్ధతి కాదు.

నేను వచ్చేస్తూ ఉంటే దర్శకుడుగారు తలుపు దాకా వచ్చారు. ఆ మనిషి ఎవరినీ తలుపు దాకా సాగనంపగా చూడలేదు. గొంతు తగ్గించి, "టీచరుగారూ, నేను కూడా ఎక్కడో ఒకచోట కదలకుండా నిలబడితే, నన్ను మధ్యలో పెడతారా?" అన్నారు.

"పెడతాను. గుమాస్తా తరవాత తలుపు దగ్గర కాపలావాడున్నాడు, వాడి తరవాత మీరు" అన్నాను.

ఆశీర్వాదాలతో,
నీ అమ్మమ్మ